చెప్పకపోతే ఉన్నవన్నీ

మా మావయ్య ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కంప్యూటర్ల సంగతి ఎత్తగానే వినేవాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళి ఏ అద్దాల మేడలోనో కూర్చోబెట్టేస్తారు. ఆయన కూర్చునేది ఆస్పత్రి నేలమాళిగలో, ఐదు పెద్ద వాషింగ్ మెషీన్ల ఎదురుగా, ఒక కాలు కాస్త పొట్టిగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో. పై వార్డుల దుప్పట్లు, గౌన్లు ఒక గొట్టంలోంచి జారి ఆయన ముందు పడతాయి. మరక చూసి వేరుచేస్తాడు, ఉతుకుతాడు, ఆరబెడతాడు, మడత పెట్టించి పైకి పంపుతాడు. ఇంటికొచ్చేసరికి వేళ్ళు నానిపోయి ముడతలు పడి ఉంటాయి.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే "ఎవరూ అడగలేదు" అంటాడు. "అడగాల్సింది నువ్వు కదా మావయ్యా" అంటే "ఓహో, అలాగా!" అని ఆశ్చర్యపోతాడు. మా మేడమీద గదిలో ఉంటాడు, కింద మాతో కలిసి తింటాడు. మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. చిన్నప్పట్నుంచీ ఆవిడ అరవడం, ఈయన వినడం. ఇద్దరికీ అందులో లోటేం కనిపించినట్టు లేదు.

అమ్మ గొంతు మామూలు గొంతు కాదు. కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో ఆవిడ వేలం వేసేది. టమాటా గంపల మధ్య ఒక చెక్కపెట్టె ఎక్కి "ఒకటోసారి" అందంటే, షెడ్డు అవతల లారీ మీద నిద్రపోతున్న క్లీనరు కూడా లేచి కూర్చునేవాడు. ఆ గొంతుతోనే ఇల్లూ నడిపింది. నేను బళ్ళో ఏ అబద్ధం ఆడినా ఆ గొంతు దారిలోనే ఎదురొచ్చి పట్టుకునేది.

ఆ గొంతులోనే పుండు లేచింది. డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కింది, గొంతు పోయింది.

కొన్నాళ్ళు ఇంట్లో చెంచా కింద పడినా ఉలిక్కిపడేవాళ్ళం. అప్పుడు మావయ్య ఎక్కడ విన్నాడో గానీ, టైపు చేసింది పైకి చదివే ప్రోగ్రాం ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని ఎవరూ అమ్మరు. ఎక్కడెక్కడి వాళ్ళో కొందరు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, జీతం బత్తెం లేకుండా తీరిక వేళల్లో రాస్తారు. రాసింది దాచుకోరు, తెరిచిపెడతారు. ఎవరైనా చూడొచ్చు, బాగుచేయొచ్చు, పాడుచేసి చివాట్లు తినొచ్చు. ఆస్పత్రి ఆఫీసువాళ్ళు పక్కన పడేసిన పాత కంప్యూటరు ఒకటి అడిగి తెచ్చి, వంటింటి బల్ల మీద పెట్టి, అందులో ఈ ప్రోగ్రాం ఎక్కించాడు. గోడకి స్పీకరు బిగించాడు.

అమ్మ మొదట టైపు చేసింది నాన్న గురించే. "మీ మొహానికి ఇంకో కప్పు టీ కూడానా?" స్పీకర్లోంచి ఒక అమ్మాయి గొంతు ఆ మాటని, బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచినంత మర్యాదగా పలికింది. నాన్న "ఇవ్వండి, తాగుతాను" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, తమ్ముడి వైపు తిరిగి ఇంకో వాక్యం కొట్టింది.

"ఒరేయ్, ఈ పిల్లకి కోపం నేర్పు."

అప్పటికి మావయ్యకి కంప్యూటర్లో తెలిసిందల్లా ఆన్ చేయడం, ఆఫ్ చేయడం. అక్క మాట తీసెయ్యలేక మొదలుపెట్టాడు. లాండ్రీలో మెషీన్లు తిరుగుతున్నంతసేపూ ఫోన్లో పాఠాలు చదివేవాడు. తెలియంది ఆ రాసేవాళ్ళని అడిగేవాడు. వాళ్ళు ఓపిగ్గానే చెప్పారు. కొన్నేళ్ళకి వాళ్ళల్లో తనూ ఒకడయ్యాడు. ఇప్పటికీ రెండు వేళ్ళతోనే టైపు చేస్తాడు, ప్రతి మీట దగ్గరా ఒక్క క్షణం ఆలోచించి మరీ.

కోపం నేర్పడం ఒక్కరోజులో తేలే పని కాదు. మాట చివర బిగింపు రావాలి, మధ్యలో వేగం పెరగాలి, "ఏం" అన్నప్పుడు గొంతు లేవాలి. మావయ్య కోడులో ఏదో ఒకటి మార్చేవాడు. మార్చిన ప్రతిసారీ ఆ కోడు ముక్కలన్నిట్నీ కూర్చి ప్రోగ్రాంని మళ్ళీ మొదట్నుంచి తయారుచెయ్యాలి. దాన్నే వాళ్ళు బిల్డ్ అంటారు. మా పాత మెషీను మీద అది కూరా అన్నం రెండూ వండుకునేంత సేపు పట్టేది. తర్వాత అమ్మ ఒక తిట్టు కొట్టి చూసేది. "ఇంకా చప్పగానే ఉంది" అనేది. మావయ్య మళ్ళీ మేడెక్కేవాడు.

ఇక్కడ కోర్ల సంగతి చెప్పాలి. కంప్యూటరు లోపల పనిచేసే ప్రాసెసర్లో కోర్లుంటాయి. మా దాంట్లో నాలుగు. నలుగురు పనివాళ్ళనుకోండి. బిల్డ్ మొదలుపెట్టేటప్పుడు ఎంతమంది పనివాళ్ళు కావాలో ఒక అంకె చెప్పొచ్చు. ఏమీ చెప్పకపోతే ఏం చెయ్యాలో ఆ రాసేవాళ్ళు ముందే కోడులో రాసిపెట్టారు: చెప్పకపోతే ఉన్నవన్నీ తీసుకో. త్వరగా తెమిలిపోవాలని అలా రాశారు. వాళ్ళ దురుద్దేశమేం లేదు.

కానీ అమ్మ టైపు చేసింది పలకాలన్నా పనిచేయాల్సింది ఆ నలుగురే. నలుగురూ బిల్డులో తలమునకలై ఉంటే అమ్మ మాట పట్టించుకునే నాథుడుండడు. స్పీకరు "ను... ను... నువ్..." అని గుటకలు మింగి ఆగిపోయేది. ఆగిపోయిన మాట పోయేదీ కాదు, వరసలో నిలబడేది. బిల్డ్ అయిపోగానే ఆ మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చేవి. ఉప్పు ఎక్కువైందన్న మాట, గిన్నెలు తోముకున్నాక వినపడేది.

మావయ్యకి ఈ సంగతి తెలుసు. అందుకే ఆయన బిల్డ్ పెట్టినప్పుడల్లా రెండు అని అంకె కొట్టేవాడు. ఇద్దరు బిల్డుకి, ఇద్దరు అక్కకి. వేళ్ళకి అలవాటైపోయింది. ఆ అలవాటే కొంప ముంచింది. తను లాండ్రీలో ఉన్నప్పుడు కొత్త మార్పులొస్తే ఇంట్లోవాళ్ళే ఎక్కించుకుంటారని తెర మీద ఒక బటన్ పెట్టాడు. దాని మీద "కొత్త గొంతు" అని రాశాడు. నొక్కితే చాలు, బిల్డ్ మొదలవుతుంది. ఆ బటన్ వెనక మాత్రం అంకె పెట్టడం మర్చిపోయాడు. తన వేళ్ళకి తెలిసింది అందరి వేళ్ళకీ తెలుసనుకున్నాడు కాబోలు.

ఆస్పత్రిలో ఐదు మెషీన్లకీ ఒకేసారి నీళ్ళు వదిలితే పై వార్డుల్లో కుళాయిలు ఎండిపోతాయి. పనిలో చేరినవాళ్ళకి మావయ్య మొదటి రోజే చెప్పే మాట అది, వినకపోతే చీవాట్లు పెట్టే మాట అది. ఆ మనిషికే సొంతింట్లో ఆ సంగతి తట్టలేదు. నాకైతే ఇప్పటికీ విడ్డూరమే.

ఇక మా నాన్న. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. రోజంతా పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్ళు ఏం కొంప ముంచుతారోనని తన కాలికిందున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి బతుకుతాడు. గట్టిగా మాట్లాడడు. అమ్మతో వాదించి ఒక్కసారైనా గెలవగా నేను చూడలేదు. ఓడిపోవడం ఆయనకి అలవాటే అనుకునేదాన్ని.

అమ్మ తర్వాత వేలం వేసినాయన మానేశాడని మార్కెట్ నుంచి కబురొచ్చింది. సెక్రటరీ ఫోన్ చేసి, అమ్మ మళ్ళీ వస్తానంటే షెడ్డులో కంప్యూటరూ స్పీకరూ పెట్టిస్తామన్నాడు. సరుకు పేరు, ధర టైపు చేస్తే అదే పలుకుతుంది, కొనేవాళ్ళని అదిలించడానికి ఆవిడ కళ్ళు చాలు అన్నాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. నాన్న మాత్రం "చూద్దాంలే" అన్నాడు. మా ఇంట్లో "చూద్దాంలే" అంటే చూడటం జరగదని అర్థం.

ఆ తర్వాత అమ్మ గొంతు తరచుగా ఆగిపోవడం మొదలైంది. మెషీను పాతదైపోయిందనుకున్నాం.

ఒకరోజు నాకు పళ్ళ డాక్టరు దగ్గర పని తొందరగా అయిపోయింది. అక్కడ ఫోన్లెత్తి అపాయింట్‌మెంట్లు రాసుకునే ఉద్యోగం నాది. మధ్యాహ్నం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి అమ్మ గొంతు వినపడింది.

"నాకు ఇంట్లో కూర్చుంటే ఊపిరాడట్లేదు. మీకు చెప్పుకోక ఎవరికి చెప్పుకోను? వింటున్నారా?"

లోపలికెళ్ళి చూస్తే ఎవరూ లేరు. బల్ల మీద నాన్న తిని వదిలేసిన కంచం, బోర్లించిన గ్లాసు. కుర్చీ ఖాళీగా ఉంది.

"వింటున్నారా? సరే, వినకండి. నేను మాత్రం వెళ్తాను. నేను..."

కిటికీలోంచి చూశాను. అమ్మ పెరట్లో తీగ మీద బట్టలు ఆరేస్తోంది. తన గొంతు తనకి వినపడుతూనే ఉంది, కానీ ఇటు తిరిగి చూడలేదు. ఖాళీ గదితో మా అమ్మ మాట్లాడుతుంటే వినడం కన్నా ఆవిడ మూగగా ఉన్న రోజులే నయమనిపించింది.

మావయ్యకి సెలవు రోజు. మేడమీంచి పిలుచుకొచ్చాను. ఆయన తెర చూసి "ఇప్పుడు బిల్డ్ ఎవరు పెట్టారు?" అన్నాడు. నేను కాదన్నాను. అమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

"మీ బావగారు" అంది స్పీకరు.

"బావకి బిల్డుతో ఏం పని?"

"నేను మార్కెట్ మాట ఎత్తినప్పుడల్లా ఆ బటన్ నొక్కుతారు. నొక్కి, అన్నం తినేసి, వెళ్ళిపోతారు."

"ఎన్నాళ్ళబట్టి? మరి చెప్పలేదేమే అక్కా?"

అమ్మ కొట్టింది.

"చెబుదామని మొదలుపెట్టినప్పుడల్లా నొక్కేవారు."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మావయ్య మొహం చూశాను, నవ్వు ఆగిపోయింది. ఆయనకి కోపం రావడం నేను చూసింది అదే మొదలు.

"కాగితం మీద రాసి ఇవ్వొచ్చుగా అమ్మా" అన్నాను.

"కాగితమైతే చదవడానికి ఎదుటివాళ్ళకి మనసుండాలి. మాటకి అదక్కర్లేదు. వద్దన్నా చెవిలో పడుతుంది."

మావయ్య ఆ బటన్ తీసేస్తానని లేచాడు. అమ్మ వద్దంది. "తీసేస్తే ప్లగ్గు పీకుతారు. నీకు చేతనైతే, నొక్కినా నేను మాట్లాడేట్టు చెయ్యి."

మావయ్య మళ్ళీ తెర ముందుకొచ్చాడు. "బటన్ వెనక ఒక అంకె పెడితే మనింట్లో సరిపోతుంది" అన్నాడు. "కానీ ఇలా మాట్లాడుకునే ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయో. చెప్పకపోతే అన్నీ లాక్కోమని దానికి చెప్పింది మేమే కదా."

ఆ రాసేవాళ్ళకి ఒక పెద్దాయన ఉన్నాడు. ఏ మార్పైనా ఆయన సరేనంటేనే లోపలికి వెళ్తుంది. మావయ్య ఆయన్ని ద్వారపాలకుడు అంటాడు. మావయ్య ఆయనకి ఒక మార్పు పంపాడు: అంకె చెప్పకపోతే ఒక్క కోరే వాడాలి. కోపంలో రాసింది కదా, నిలబడలేదు. ఒకడు వెంటనే ఎగిరిపడ్డాడు. "నా మెషీన్లో అరవై నాలుగు కోర్లున్నాయి. ఒక్కటి పనిచేస్తుంటే మిగతావన్నీ కూర్చుని గోళ్ళు గిల్లుకోవాలా?" ద్వారపాలకుడు నెమ్మదిగానే కాదన్నాడు. అంకె ఇచ్చుకునే దారి ఉంది కదా, తక్కువ కావలసినవాళ్ళు తక్కువ ఇచ్చుకోవచ్చు కదా అన్నాడు.

న్యాయంగానే ఉంది. మావయ్య ఆ మాటే పట్టుకున్నాడు. అన్నం తింటూ ఆలోచించేవాడు, మెట్లెక్కుతూ ఆగిపోయేవాడు. నాన్న "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే "బాగానే ఉంది బావా" అనేవాడు, మొహం చూడకుండా. నాన్న మీద నాకూ కోపంగానే ఉండేది. కానీ ఆయన పొద్దున్నే అమ్మ మాత్రలు లెక్కపెట్టి గిన్నెలో వేసి ఉంచుతుంటే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

చివరికి ఒక సాయంత్రం మావయ్య నన్ను పైకి పిలిచి తెర చూపించాడు. రెండు వేళ్ళతో ఎంతసేపు రాశాడో ఏమో, ఉన్నది కొద్దిగానే. "అంకె సంగతి తెలిసినవాళ్ళు ఎలాగూ ఇచ్చుకుంటారు. తెలియనివాళ్ళకి మనం ముందే పెట్టిందే దిక్కు. ఈ ప్రోగ్రాంతో మాట్లాడే మనిషి ఒకరు, ఇది తయారవుతున్నంతసేపూ మా ఇంట్లో మూగవాళ్ళవుతున్నారు."

"మా ఇంట్లో అన్న మాట తీసెయ్యనా?" అన్నాడు. "ఇంటిగుట్టు కదా."

"ఉండనీ మావయ్యా" అన్నాను.

ద్వారపాలకుడి జవాబు పెద్దదే. మొదటి వాక్యం మావయ్య నాకు చదివి వినిపించాడు. "మా అందరికీ తయారుచేసే మెషీను వేరు, మాట్లాడే మెషీను వేరు. అందుకని మాకిది తట్టనే లేదు, మన్నించండి." మిగతా అంతా పని గురించే. ఒక్క కోరు వాడటం మరీ పిసినారితనం, ఉన్నవాటిలో ఒకటి వదిలేద్దాం అన్నాడు. కోర్లు లెక్కపెడితే చాలదు, మెమరీ కూడా చూడాలి అన్నాడు. ఒక్కో పనివాడికీ సామాన్లు పరుచుకోవడానికి చోటు కావాలి, ఆ చోటే మెమరీ. మావయ్యకి ఆ ఆలోచనే రాలేదు. మా మెషీను మీద ముగ్గుర్ని పెట్టి చూస్తే నిజంగానే చోటు చాలక అమ్మ గొంతు మళ్ళీ గుటకలు మింగింది. మెమరీని బట్టి తగ్గించుకోవడం కూడా కలిపాక ప్రోగ్రామే మా మెషీనుని చూసి ఇద్దర్ని తీసుకుంది. అన్నీ కావాలనుకునేవాళ్ళు ఇకమీదట నోరు తెరిచి అడిగి తీసుకోవాలి. అరవై నాలుగు కోర్లవాడు "సరే, అరవై మూడుతో సర్దుకుంటాలెండి" అని రాశాడు. మావయ్య దానికి ఒక నవ్వు బొమ్మ పెట్టాడు.

కొత్తది మా మెషీనులో ఎక్కించాక కూడా బటన్ అలాగే ఉంచాడు. దాని వెనక అంకె ఇప్పుడూ లేదు, అక్కర్లేదు. నాన్నకి ఎవరమూ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున మార్కెట్ సెక్రటరీ స్వయంగా ఇంటికొచ్చాడు. నాన్న మర్యాదగా కూర్చోబెట్టాడు, నేను టీ ఇచ్చాను. మావయ్య మేడమెట్ల మీద, పై నుంచి మూడో మెట్టు దగ్గర కూర్చున్నాడు.

"ఏవమ్మా, మాట ఇవ్వవేం?" అన్నాడు సెక్రటరీ. "వస్తావో రావో ఇవాళ తేల్చెయ్యి. రానంటే ఇంకొకరిని పెట్టుకుంటాం. షెడ్డు ఎన్నాళ్ళని ఖాళీగా ఉంచను?"

అమ్మ కీబోర్డు ముందుకి జరిగింది. నాన్న లేచాడు. "ఒక్క నిమిషం. కొత్త గొంతేమైనా వచ్చిందేమో చూద్దాం" అంటూ అమ్మ భుజం మీంచి చెయ్యి చాపి, మౌస్ పట్టుకుని, బటన్ నొక్కాడు. మెషీన్లో ఫ్యాను హోరు ఎత్తుకుంది. అమ్మ ఆయన వైపు చూడలేదు. టైపు చేసింది.

"వస్తాను."

ఫ్యాను హోరులోంచే వచ్చింది ఆ మాట. కాస్త నిదానంగా వచ్చింది గానీ ఎక్కడా తెగలేదు.

"రేపట్నుంచే వస్తాను. స్పీకరు షెడ్డు నడిమధ్యలో పెట్టించండి. మూలన పెడితే ఊరుకోను."

నాన్న మళ్ళీ నొక్కాడు. అయ్యేది లేదని తెలిసినా ఇంకోసారి నొక్కాడు.

"ఇంకా ఎన్నిసార్లు నొక్కుతారు?" అంది ఆ మర్యాదస్తురాలి గొంతు.

సెక్రటరీకి ఏమీ అర్థంకాక కప్పులోకి చూసుకుంటూ కూర్చున్నాడు. నాన్నని చూస్తే నాకు సిగ్గేసింది, జాలీ వేసింది. మెట్ల మీద మావయ్య మాత్రం కళ్ళు మూసుకుని ఉన్నాడు. మాటల అర్థం ఆయనకి ఎక్కినట్టు లేదు, ఎక్కడైనా అక్షరం తెగుతుందేమోనని వింటున్నాడు, అంతే.

నాన్న మౌస్ వదలకుండానే మాట్లాడాడు. బయటివాడు ఉన్నాడన్న ధ్యాస కూడా లేదు.

"నవ్వుతారే. నీ గొంతుకి మార్కెట్టంతా లేచి నిలబడేది. నేను చూశాను. ఇప్పుడు ఈ పలుకు విని వాళ్ళంతా నవ్వుతారు. నిన్ను చూసి నవ్వుతుంటే నేను చూడలేను."

అమ్మ తల తిప్పి ఆయన మొహంలోకి చూసింది. మీటలు చూడకుండానే టైపు చేసింది.

"నవ్వనివ్వండి. నవ్వారంటే నా మాట వినపడినట్టేగా."